ఎడారి పెరట్లో కోళ్లు

పిల్లలూ, అమెరికా దేశానికి నైరుతి మూలన ఆరిజోనా అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని పేరు ఫీనిక్సు. ఫీనిక్సు అన్నది పూర్వపు గ్రీకుల కథల్లోని ఒక పక్షి. అది మంటల్లో కాలి బూడిదై, మళ్లీ ఆ బూడిదలోంచే లేచి ఎగిరిపోతుందట. వెయ్యేళ్ల కిందట హోహోకం అనే జాతివారు అక్కడి సాల్ట్ నది నుంచి కాలువలు తవ్వి పైర్లు పండించుకున్నారు. ఆ తరవాత వాళ్ల ఊళ్లు పాడుపడిపోయాయి. 1867 ప్రాంతంలో కొత్తగా వచ్చినవాళ్లు ఆ పాత కాలువల జాడనే మళ్లీ నీరు పారించి ఊరు కట్టుకున్నారు. పాడుపడ్డ ఊళ్ల మీద లేచిన ఊరు గనక దానికి ఆ పక్షి పేరు పెట్టారు.

మంటల్లో కాలిన పక్షి పేరు ఆ ఊరికి మరో విధంగా కూడా తగినదే. 2024 వేసవిలో నేను మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలు ఉన్నాను. ఆ యేడు మే 27 నుంచి సెప్టెంబరు 16 దాకా, వరసగా 113 రోజులు, పగటి వేడి 100 ఫారన్‌హీటు డిగ్రీలకు తగ్గలేదు. సెంటిగ్రేడులో చెప్పాలంటే దాదాపు 38. జూలై మొదటి వారంలో 47 డిగ్రీలు కూడా దాటింది. 1990 జూన్ 26న అక్కడ 50 డిగ్రీలు నమోదైంది. నేను పల్నాటివాణ్ణి. రెంటచింతల ఎండల్లో తిరిగినవాణ్ణి. అయినా అక్కడ మధ్యాహ్నం తలుపు తీస్తే, కుమ్మరి ఆవం ముందు నిలబడినట్టు ఉండేది. మనం అనంతపురాన్ని కరువుసీమ అంటాం గదా, అక్కడ ఏడాదికి 22 అంగుళాల వాన పడుతుంది. ఫీనిక్సులో ఏడెనిమిది అంగుళాలే!

అలాంటి చోట ఒకనాడు తెల్లవారుజామున "కొక్కొక్కొ... కొక్కో!" అని కేక వినిపించింది. గుడ్డు పెట్టిన పెట్ట కేక. ఈ దేశం, ఆ దేశం అనే భేదం ఆ కేకకు లేదు. పొరుగింటి పెరట్లో ఆరు కోళ్లున్నాయని మా మనుమరాలు చెప్పింది. ఆ యింటావిడకు డెబ్బై యేళ్లు దాటాయి. నర్సు ఉద్యోగం చేసి విరమించుకున్నది, ఒంటరిగా ఉంటుంది. మా మనుమరాలికి ఆ కోళ్లతో మంచి స్నేహం.

ఊళ్ల మధ్య కోళ్లేమిటని మీరు అడగవచ్చు. చిన్న పెరళ్లున్న ఇళ్లవాళ్లు కూడా ఆరు కోళ్లదాకా పెంచుకోవచ్చునని ఆ రాష్ట్రంలో 2024లోనే చట్టం చేశారు. అయితే పుంజును మాత్రం చాలా ఊళ్లలో ఉంచనివ్వరు. తెల్లవారకముందే కూసి ఇరుగుపొరుగుల నిద్ర చెడగొడుతుందని. "పుంజు లేకుండా పెట్ట గుడ్డెలా పెడుతుంది?" అనకండి. పెడుతుంది. దాంట్లోంచి పిల్ల మాత్రం రాదు.

అసలు కోడి ఎడారి పక్షి కానే కాదు. దాని పూర్వీకుడు అడవికోడి. మన తూర్పుకనుమల అడవుల్లో నేటికీ ఉంది. వెదురుపొదల నీడన, రాలిన ఆకుల్ని కాళ్లతో చిమ్ముకుంటూ పురుగులు ఏరుకునే పక్షి అది. అలాంటిదాన్ని చెట్టు నీడ కరువైన చోటికి తీసుకువెళ్లి, ఈకల కోటు తొడిగి నిలబెట్టినట్టయింది. పైగా కోడికి చెమట పట్టదు!

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. మన ఒంటి వేడి 37 డిగ్రీలయితే, కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీలు. చల్లని రోజుల్లో ఈ వేడి సులువుగా బయటికి పోతుంది. నెత్తిమీది ఎర్రని తురాయికీ, గొంతు కింద వేలాడే ఎర్రని తోలుకూ, కాళ్లకూ ఈకలు లేవు గదా? వాటిలోకి నెత్తురు ఎక్కువగా పారుతుంది, గాలి తగిలి చల్లబడి తిరిగి వస్తుంది. కాని వేడి ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉన్నచోటి నుంచి తక్కువ వేడిగా ఉన్నచోటికే పోతుంది. బయటి గాలి 46 డిగ్రీలుంటే? అప్పుడు కోడి వేడి గాలిలోకి పోదు. గాలి వేడే కోడిలోకి వస్తుంది. తురాయి ఎంత పెద్దదైనా లాభం లేదు.

అప్పుడిక కోడికి మిగిలిన దారి ఒక్కటే. ముక్కు తెరిచి రొప్పుతుంది, గొంతును గబగబా కదిలిస్తుంది. అలా చేసినప్పుడు గొంతులోని తడి ఆవిరై పోతుంది. గ్రాము నీరు సున్నా డిగ్రీల నుంచి మరిగేదాకా కాగడానికి 100 కాలరీల వేడి కావాలి. అదే గ్రాము నీరు ఆవిరి కావాలంటే అంతకు ఐదు రెట్లకు పైగా వేడి కావాలి. ఆ వేడిని అది కోడి ఒంట్లోంచి లాక్కుని పోతుంది. మీ ఇంట్లో మట్టికూజా నీటిని చల్లబరిచేదీ ఇలాగే. ఎండకాలపు కోడి నడిచే కూజా అన్నమాట. కూజాలో నీరుండాలి, చుట్టూ పొడిగాలి ఉండాలి. రెంటిలో ఏది తప్పినా కథ నడవదు.

పొరుగింటావిడ చేసిన ఏర్పాట్లన్నీ ఈ ఒక్క లెక్క మీదే ఉన్నాయని నాలుగు రోజులు చూసేసరికి నాకు బోధపడింది. ఆమె కోళ్లగూటికి మూడువైపుల గోడే లేదు, సన్నకన్నుల ఇనపవల మాత్రమే. రాత్రిళ్లు ఆ ఇళ్ల మధ్యకు కయోటీలు వస్తాయి. నక్కకూ తోడేలుకూ నడుమ రకం జంతువులు. వాటికి భయపడి చెక్కపెట్టెలాంటి గూడు కడితే కోడి అందులో ఉడికిపోతుంది. ఆ ఊళ్లో వేసవి రాత్రుల్లో కూడా 32 డిగ్రీలకు దిగని రోజులున్నాయి. అందుకని వల. దాని అడుగంచును కయోటీ తవ్వి రాకుండా జానెడు లోతున పాతింది. మన పల్లెల్లో కోళ్లను కమ్మే గంపకు అన్ని కంతలెందుకో ఆలోచించారా? మన పెద్దలు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు.

గూటికి పడమటి దిక్కున మెస్కీటు చెట్టుంది. అది మన సర్కారుతుమ్మకు దగ్గర చుట్టమే. చెట్టు మొదట్లో ఉదయాన్నే చెంబెడు నీళ్లు పోసేది. కోళ్లు అక్కడి మట్టిని గోకి గుంటచేసి, తడిమట్టికి పొట్ట ఆనించి పడుకునేవి. తాగే నీళ్లు లోతులేని మట్టిమూకుళ్లలో, నీడన, మూడుచోట్ల. ఒకటే ఉంటే గడుసుపెట్ట ఒకటి దాని దగ్గర కాపలా కూచుని మిగతావాటిని రానివ్వదట! వేసవిలో కోడి మామూలుకన్నా రెండింతలకు పైగా నీళ్లు తాగుతుంది. మేత మాత్రం పొద్దు పొడవకముందు, మళ్లీ పొద్దు గుంకాక. తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది గనక మిట్టమధ్యాహ్నం గింజలు వేయదు. పుచ్చకాయ ముక్కలు మాత్రం పెడుతుంది. నీటిసీసాలను మంచుపెట్టెలో గడ్డకట్టించి మధ్యాహ్నం గూట్లో పడవేస్తే, కోళ్లు వాటిని ఆనుకుని కూచునేవి. ఇవిగాక ఒక విద్యుత్తు పంకా, కుళాయికి తగిలించిన సన్నని గొట్టం. గొట్టపు రంధ్రాల్లోంచి మంచులాంటి తుంపర వస్తుంది. ఆ పొడిగాలిలో తుంపర నేలకు చేరకముందే ఆవిరైపోయేది. గూట్లో అడుగుపెడితే హాయిగా ఉండేది.

కోళ్లలో నాలుగు తెల్ల లెగ్‌హార్నులు. సన్నని ఒళ్లు, ఒకవైపుకు వాలిన పెద్ద తురాయి, ఎండకు ఓర్చుకునే జాతి. ఒకటి చారల ప్లిమత్ రాక్. ఆరోది గోధుమరంగు ఆర్పింగ్టన్, ఇంగ్లండు జాతి. దిండంత ఈకలు, బరువైన శరీరం. ఆ ఎండల్లో ఆర్పింగ్టన్‌ను ఉంచుకోవడం నాకు నచ్చలేదు, ఆ మాటే ఆమెతో అన్నాను. మనుమరాలు ఎత్తుకుంటే కదలకుండా ఒళ్లో కూచునేది అదొక్కటేనని ఆమె నవ్వింది. 2023 వేసవిలో, వరసగా 31 రోజులపాటు రోజూ 43 డిగ్రీలు దాటినప్పుడు, ఆమెకు రెండు కోళ్లు చనిపోయాయట. రెండూ బరువైన జాతివే. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

ఇక ఆగస్టులో జరిగింది చెబుతాను. ఎడారికి కూడా ఒక వానకాలం ఉంది. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు ఆఖరుదాకా దక్షిణాన ఉన్న సముద్రాల మీంచి తేమగాలి వస్తుంది. ఆ యేడు వాన దాదాపు లేనే లేదు, తేమ మాత్రం వచ్చింది. ఒక సాయంకాలం ఆకాశమంత ఎత్తున దుమ్ముగోడ కదిలి వచ్చింది. దాన్ని అక్కడివాళ్లు అరబ్బీ మాటతో హబూబు అంటారు. పావుగంటలో ఊరంతా చీకటయింది. దుమ్ము వెలిశాక చూస్తే కరెంటు లేదు. ఆకు కదలడం లేదు. వేడి 39 డిగ్రీలే, జూలైకన్నా ఎంతో తక్కువ. అయినా చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అచ్చం మన బందరు ఉక్క.

"తాతయ్యా, కోడి పడిపోయింది!" అని మనుమరాలు పెరట్లోంచి కేక వేసింది.

వెళ్లి చూస్తే ఆర్పింగ్టన్ రెక్కలు చాచి, మెడ నేలకు వాల్చి ఉంది. రొప్పడం కూడా మందగించింది. తురాయి నల్లబడింది. పంకా ఆగిపోయింది గాని కుళాయి గొట్టం తుంపర చల్లుతూనే ఉంది. నేలంతా బురద. లోపల ఇడ్లీపాత్ర మూత తీసినట్టుంది. ఆవిడ మొదట చేసిన పని ఆ కుళాయి కట్టేయడం.

"ఇంత వేడిగా ఉంటే నీళ్లెందుకు ఆపుతున్నారు?" అని మా అమ్మాయి అడిగింది.

నేనే సమాధానం చెప్పాను. గాలి కదలనప్పుడు, అందులో అప్పటికే తేమ ఉన్నప్పుడు, ఇంకా నీళ్లు చల్లితే ఆ తేమే పెరుగుతుంది. అప్పుడు కోడి గొంతులోని తడి త్వరగా ఆవిరి కాదు. 47 డిగ్రీల పొడిగాలిలో బతికిన కోడి 39 డిగ్రీల ఉక్కలో పడిపోవడానికి కారణం అదే. రాత్రులు కూడా చల్లబడక అది కొన్నాళ్లుగా అలసి ఉంది, ఒంటి బరువొకటి.

ఆవిడ బొక్కెనలో నీళ్లు పట్టింది. ఆ ఊళ్లో వేసవిలో చన్నీళ్ల కుళాయి కూడా వేడినీళ్లే ఇస్తుంది. గడ్డకట్టిన సీసా ఒకటి అందులో వేసి, చేయి పెట్టి చూసి, తీసేసింది. మరీ చల్లని నీళ్లు కోడికి దెబ్బట. తరవాత కోడిని కాళ్లూ పొట్టా మునిగేటట్టు దించి, ఈకల కిందికి నీరు చేరేలా వేళ్లతో విడదీసింది. మనుమరాలు దాని తలను అరచేతిలో ఎత్తి పట్టుకుంది. నేను అట్టపెట్టె మూతతో విసిరాను. మా అమ్మాయి తక్కిన ఐదింటినీ బురదలోంచి తీసి చెట్టుకింద విడిచింది. ఎవరం మాట్లాడలేదు. చేతులు మార్చుకుంటూ విసురుతూనే ఉన్నాం. దాదాపు అరగంట గడిచాక అది ఒక కన్ను తెరిచింది. మరి కాసేపటికి ముక్కును నీళ్లలో ముంచి, తల పైకెత్తి మింగింది. "తాగింది! తాగింది!" అని మనుమరాలు అరిచిన అరుపుకు కోడి బెదిరి బొక్కెనలోంచి దూకబోయింది. ఆవిడ బొక్కెన పక్కనే నేలమీద కూలబడింది. కరెంటు రాత్రి తొమ్మిదికి గాని రాలేదు. అప్పటిదాకా ఆవిడ కోడిని ఒళ్లో పెట్టుకునే ఉంది.

మూడు వారాలదాకా అది గుడ్డు పెట్టలేదు. తరవాత పెట్టిన గుడ్డును పట్టుకుంటే వేలు దిగబడింది. దీనికీ రొప్పడానికీ సంబంధం ఉంది. గుడ్డు పెంకులో ఉండేది చాలావరకు కాల్షియం కార్బొనేటు. అది తయారు కావడానికి నెత్తురులోని బొగ్గుపులుసు గాలి కూడా కావాలి. ఎండలో రొప్పే కోడి ఆ గాలిని శ్వాసతో బయటికి పోగొట్టుకుంటుంది. మేత తగ్గడం వల్ల సున్నమూ తక్కువే చేరుతుంది. ఆవిడ వేరే మూకుట్లో ఆల్చిప్పల పొడి ఎప్పుడూ ఉంచేది, అయినా ఆ నెలలో పెంకులు పల్చగానే వచ్చాయి.

ఆ గుడ్డును దూదిలో పెట్టి దాచుకుంటానని మనుమరాలు పట్టుబట్టింది. ఆవిడ ఒప్పుకోలేదు. గిన్నెలో పగలగొట్టి, పెంకును కడిగి ఆరబెట్టి చేతికిచ్చింది. దీపానికి అడ్డం పెట్టి చూస్తే అవతల వేళ్ల నీడ కనిపించింది. పచ్చసొన మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది.