దుర్యోధనుడి తప్పు

వేసవి సెలవులకు మా మనుమలు నలుగురూ కొత్తచెరువు వచ్చారు. ఎండకు బయట కాలుపెట్టలేక, నడవాలో చాప పరుచుకుని ఏదో ఆట మొదలుపెట్టారు. ఇరవై ముఖాల పాచిక ఒకటి, తలా ఒక కాగితం. అంతే సరంజామా. పెద్దవాడు కథ చెబుతాడు. మిగతా ముగ్గురూ ఆ కథలో పాత్రలు. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు కల్పించిన ఆటట; పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ప్రతి పాత్రకూ ఒక స్వభావం రాసుకోవాలి. మొదట్లో క్రమం, తటస్థం, అరాచకం అని మూడే ఉండేవట. 1978 నాటి పుస్తకంలో మంచి చెడ్డలు కూడా కలిపి తొమ్మిది చేశారట.

"అయితే ధర్మరాజూ శకునీ ఒకే బండిలో ప్రయాణం చేస్తారన్నమాట!" అన్నాను. పిల్లలు నవ్వారు.

రెండోనాటికి ఆ నవ్వు లేదు. మనుమరాలు ధర్మం తప్పని వీరనారి; చిన్నవాడు గజదొంగ. అడవిలో అందరూ నిద్రపోతుండగా దొంగగారు వీరనారి మంత్రపుటుంగరం కాజేశాడు. ఉంగరం లేక ఆమె మరుసటి పోరులో చావబోయింది. పిల్ల కాగితం విసిరేసి, ఏడుస్తూ వంటింట్లో వాళ్ళవ్వ దగ్గరికి పోయింది.

"ఏమిరా ఇది?" అన్నాను.

"నేనేం చేసేది తాతా! నా పాత్ర అంతే."

నా గుండె కలుక్కుమంది. ఆ మాట నలభై యేళ్ళ కిందట నేనన్నదే.

అప్పట్లో మా ఊళ్ళో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం ఆడాము. నేను దుర్యోధనుణ్ణి, మా పక్క చేనాయన కృష్ణుడు. ఆ యేడు వానల్లేవు. ఉమ్మడి బావిలో నీళ్ళ వంతు దగ్గర మా ఇద్దరికీ మాటలు పోయాయి. రాయబారం సీనులో ఆయన పద్యం ఎత్తుకున్నాడు. రాగం ఇంకా సాగుతూనే ఉంది. నేను మధ్యలో గద్దించి నా మాట అందుకున్నాను. జనం నవ్వారు. ఆయన మొహం నల్లబడింది. లోపలికి వచ్చాక హార్మోనిస్టు నిలదీస్తే, "దుర్యోధనుడు మర్యాద చేస్తాడా? నా పాత్ర అంతే," అన్నాను.

"దుర్యోధనుడు కృష్ణుణ్ణి కట్టించబోవచ్చునయ్యా. నువ్వు మాత్రం ఆయన పద్యాన్ని కట్టెయ్యకూడదు," అన్నాడాయన.

కృష్ణుడు రంగు కడుక్కుని మౌనంగా వెళ్ళిపోయాడు. మళ్ళీ మేమిద్దరం కలిసి వేషం కట్టలేదు.

చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను. "పాత్ర అంతే సరే, దాన్ని అట్లా రాసుకున్నది నువ్వే కదరా! కర్ణుణ్ణి చూడు. కృష్ణుడంతటివాడు జన్మరహస్యం చెప్పి రమ్మన్నా కౌరవుల్ని విడిచి పోలేదు. పదిమందిలో అంగరాజ్యమిచ్చి పరువు నిలిపినవాణ్ణి వదలలేకపోయాడు. గుణాలు కలవకపోయినా ముడి ఒకటుంది. నీ దొంగకు ఆ ముడి ఏది?"

వాడు కాసేపు గోళ్ళు కొరుక్కున్నాడు. "ఆమె నన్నొకసారి ఉరికంబం మీదనుంచి తప్పించిందనుకుందాం."

"ఎప్పటికైనా మారతాడని తప్పించాను!" అంది మనుమరాలు, వంటింటి గుమ్మంలోంచి.

ఉంగరం తిరిగి వచ్చింది. దొంగ దొంగతనం మానలేదు. కాకపోతే శత్రువుల కోటలో చేశాడు. ఆమె వాణ్ణి తిట్టడమూ మానలేదు. ఆ తిట్లతోనే ఆట దీపాలు పెట్టేదాకా రక్తికట్టింది.

నేను చెప్పులు తొడుక్కుని వెనక వీధికి పోయాను. కృష్ణుడు అరుగుమీదే ఉన్నాడు.

"ఆ పద్యం సగంలో నిలిచిపోయింది. పూర్తి చెయ్యి బావా, వింటాను," అన్నాను.

"ఇప్పుడు గొంతెక్కడిది?" అంటూనే, జరిగి చోటిచ్చాడు.