మానినదీ, మానవలసినదీ

మూడేళ్లక్రితం తాగుడు మానేశాను. బరంపురంలో మా వీధివారందరూ మెచ్చుకున్నారు. కాని సాయంకాలమయ్యేసరికి చేతులు ఊరుకునేవి కావు. రోజుకు మూడు చుట్టలు కాస్తా ఎనిమిదయినవి. “పోనీలెండి, అదొక్కటేగా!” అన్నది మా ఆవిడ.

మొన్న బిల్ విల్సన్ గారి సంగతి చదివాను. అమెరికాలో 1934లో మద్యం మాని, 1935లో ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సంఘానికి పునాది వేసి, ఎందరినో నిలబెట్టిన మనిషి. సిగరెట్లు మాత్రం చాలా ఏళ్లు విడువలేదు. ఊపిరితిత్తులు చెడి 1971లో పోయారు.

ఆ రాత్రి చుట్ట వెలిగించబోతే మనమడు అడిగాడు: “తాతా, తాగుడు మానేశానన్నావు గదా?”

నవ్వబోయాను, రాలేదు. సారా తాగుతాం, చుట్టా తాగుతాం. మన భాషకు రెండూ ఒకటే.

అగ్గిపెట్టె మా ఆవిడ చేతికిచ్చాను. నేటికి పన్నెండు రోజులు. చేతులు ఇంకా వెతుకుతూనే ఉన్నవి.