చెల్లె సంతకం

విదేశం పోవాలనుకునే తెలుగువాళ్ళలో చాలామందికి మొయినాబాద్ మండలం చిలుకూరు గుడి వల్లే తెలుసు. బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు. కోరిక తీరాక వచ్చి నూట ఎనిమిది చేస్తారు. చాలామందికి ఆ కోరిక వీసాయే. ఆ గుడి దాటి చేవెళ్ల వైపు పోతే వచ్చే ఒక ఊళ్ళో పుట్టిన నేను, ఇప్పుడు ఇక్కడికి రావాలంటే పరాయి దేశం పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు చూపించాలి. కాగితాల లెక్కన ఇది నాకు విదేశీ ప్రయాణమే. మూడు వారాల ప్రయాణంలో ఈరోజు చివరిది. అన్నావాళ్ళు పెళ్ళికి పోయారు. ఇంట్లో అమ్మా, నేనూ, బల్ల మీద ఒక కాగితం.

నాయిన పేర ఉన్న మూడెకరాలు అన్న పేరకు మార్చడానికి నాకు అభ్యంతరం లేదని ఆ కాగితం చెబుతుంది. కింద నా సంతకానికి చోటు వదిలారు.

ఈ నేలకు ఇంత తొందర ఎందుకొచ్చిందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడడానికి 1996లో జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్ళు అందులోవే. ఫామ్‌హౌస్‌ల గోడలు లేస్తూనే ఉన్నా, నగరం పక్కన ఇంత సాగు మిగలడానికి అదొక కారణం. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు తొలగిస్తూ జీవో 69 వచ్చింది. మా ఊరు ఆ హద్దుకు కాస్త అవతలే అయినా ధరలు మా దాకా పాకాయి. చెరువులు ఏమవుతాయని కొందరు, రైతు ఎన్నాళ్ళు నష్టపోవాలని కొందరు వాదించారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఆ వాదనలో రైతు అన్నప్పుడల్లా మగవాడి ముఖమే ఎందుకు కనిపిస్తుంది?

ఆ మూడెకరాల్లో అమ్మ పాలకూర వేసింది, కొత్తిమీర వేసింది, తర్వాత గులాబీలు పెట్టింది. తెల్లారకముందే పూలు కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయే ఆటోకు అందించేది. డబ్బు నాయిన చేతికి వచ్చేది. పాసుపుస్తకం నాయిన పేర ఉండేది. 2018లో రైతుబంధు మొదలైతే అదీ నాయిన ఖాతాలోనే పడింది. అమ్మతో పూలు కోసిన కూలి ఆడవాళ్ళ పేర్లయితే ఏ పుస్తకంలోనూ లేవు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985లోనే సవరణ తెచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిన వాళ్ళను పక్కన పెట్టింది. 2005లో కేంద్రం దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఓసీఐ కార్డుతో నేను ఇక్కడ సాగుభూమి కొనలేను గానీ వారసత్వంగా పొందగలను. చట్టం ఇంత దూరం వచ్చాక కూడా మిగిలిన అడ్డంకి ఒక్కటే, పుట్టిల్లు. వాటా అడిగితే ఆ గడప మళ్ళీ తొక్కగలమా అన్న భయం.

చేవెళ్లకు చెల్లెమ్మ అన్న మాట కొత్త కాదు. 2003 ఏప్రిల్‌లో రాజశేఖర రెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది ఇక్కడే. సబితా ఇంద్రారెడ్డిని ఆయన చేవెళ్ల చెల్లెమ్మ అనేవారు. 2009లో ఆమె ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రి అయ్యారు. ఆ పిలుపులో ఆప్యాయత లేదనను. కానీ మన ఇళ్ళలో చెల్లె హారతి పట్టినంతసేపే చెల్లె. కొలత టేపు పట్టుకుంటే పగది.

మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. "అక్కడ నీకేం తక్కువ చెల్లె? నువ్వేమన్నా వచ్చి దున్నుతవా?" అన్నాడు. దున్నను, నిజమే. మెహదీపట్నం ఫ్లాట్‌లో ఉండే అన్న కూడా దున్నడు. ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. దున్నిన మనిషి నా ఎదురుగా కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ముందు అమ్మ పేరు ఎక్కించు అన్నా. ఆమె కూడా వారసురాలే. నా వాటా సంగతి తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. అందాకా సంతకం పెట్టను," అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఫోన్ పెట్టేశాడు. వచ్చే ఏడు ఈ ఇంట్లో నాకు మంచం వేస్తారో లేదో తెలియదు.

"ఇప్పుడెందుకు బిడ్డా లొల్లి?" అంది అమ్మ. చేతులు కడుక్కుని వచ్చి, కాగితం తీసి, చదవలేని ఆ అక్షరాల మీద వేలు ఆనించింది. కాసేపాగి అడిగింది.

"నా పేరు రాస్తే ఇంటిపేరు ఎవ్వలిది పెడ్తరు? మీ నాయినదా, మా నాయినదా?"