మెరుగూ తరుగూ

నగలకి మెరుగు పెట్టించడమంటే మా అమ్మకి ఎప్పుడూ రెండు మనసులే. పెళ్లిళ్ల రోజులొచ్చాయంటే గొలుసు మసకబారిపోయిందని దిగులు. తీరా కంసాలి దగ్గరికి పంపుదామంటే తరుగు పోతుందని బెంగ. పంపేముందొకసారీ, వచ్చాక ఒకసారీ తూకం వేయించేది. "మెరుపు ఎక్కణ్ణించో ఊడిపడదే, నగ ఒంట్లోంచే రావాలి" అనేది.

ఈ తరుగు లెక్క కారుకి కూడా ఉంటుందని నాకు ఈ వేసవిలో తెలిసింది. కారుకి పాలిష్ అంటే పైన ఏదో పూసి రుద్దడమని మనలో చాలామంది అనుకుంటాం. మైనం పూయడం వేరు. అది మొహానికి పౌడరు లాంటిది, నాలుగు వానలు పడితే సరి. గీతలు పోగొట్టడం వేరు. గీత అంటే గుంట కదా! దాన్ని పూడ్చే మంత్రమేదీ లేదు. చుట్టూ ఉన్న మెరకని ఆ గుంట అడుగుదాకా అరగదీసి చదును చెయ్యడమొక్కటే దారి.

మాది ముదురు నీలం కారు. పదేళ్లది. నీడలో చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఎండలో నిలబెడితే మాత్రం సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నసన్నని వలయాలు. నిజానికి అవి వలయాలు కావట. నలుదిక్కులకీ పోయే వేలాది గీతల్లో, వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి మన కంటికి గుండ్రంగా కనిపిస్తాయి. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో కారు దులిపించుకున్న పుణ్యమది. దుమ్మంటే ఏమిటి? సన్నటి ఇసకే కదండీ. ఇసకతో రోజూ తోమిస్తే రాతిరోలైనా అరుగుతుంది.

మావారు రిటైరయ్యాక ఈ సాలెగూడు ఆయన కంట్లో పడింది. మంచి పాలిష్ మిషనొకటి కొనుక్కొచ్చారు. దాని తల గుండ్రంగా తిరుగుతూనే పక్కలకి 15 మిల్లీమీటర్ల మేర ఊగుతుంది. ఒట్టిగా గిర్రున తిరిగే పాతరకం మిషనైతే ఒక్కచోటే వేడెక్కి రంగు మాడే ప్రమాదం ఎక్కువట. అంతవరకూ బాగానే ఉంది. మిషను తలకి అంటించే ఫోమ్ ప్యాడ్ల దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఆటోనగర్‌లో దుకాణానికి ఇద్దరం వెళ్లాం. గోడ నిండా రంగురంగుల స్పాంజి బిళ్లలు. పసుపు, నారింజ, తెలుపు, నలుపు, నీలం. గాజుల కొట్టుకొచ్చినట్టే ఉంది నాకు. మావారు మాత్రం గరుకుది ఇమ్మని మొదలెట్టారు. "ఏమోయ్, ఎలాగూ చేస్తున్నప్పుడు గట్టిగానే చెయ్యాలి. మళ్లీమళ్లీ చేస్తామా?" అన్నారు.

మగవాళ్లకి అంట్లు తోమే అలవాటు లేకపోవడం వల్ల ఇలాంటి మాటలొస్తాయని నా అభిప్రాయం. మాడిన ఇనప మూకుడికి స్టీలు పీచు వాడతాం. నాన్‌స్టిక్ పెనానికి అదే పీచు తగిలిస్తే పెనం గతేమిటి? గిన్నెని చూసి పీచు తియ్యడం పనిమనిషికి కూడా చెప్పనక్కర్లేదు. కారు ప్యాడ్లదీ అదే సంగతి. గట్టి ఫోమైతే పాలిష్ ముద్దలోని గరుకు రేణువుల్ని పెయింటుకి నొక్కిపట్టి కోస్తుంది. మెత్తటిదైతే తాను ఒంగిపోయి నునుపు చేసి ఊరుకుంటుంది. అన్నట్టు, ఇవన్నీ మన పరుపుల్లో, సోఫాల్లో ఉండే పాలీయురెథేన్ జాతివే. జర్మనీలో ఒట్టో బేయర్ అనే ఆయన బృందం 1937లో కనిపెట్టిన పదార్థమిది. మనం దానిమీద పడుకుంటున్నాం, కారు దానితో ఒళ్లు రుద్దించుకుంటోంది.

రంగుని బట్టి రకం తెలుసుకోవచ్చు కదా అంటారేమో. నేనూ దుకాణదారుణ్ణి అదే అడిగాను. ట్రాఫిక్ దీపాల్లాగా ఊరంతటికీ ఒకే అర్థం ఉంటే ఎంత బాగుండేది! అమెరికా లేక్ కంట్రీ వారి చదును ప్యాడ్లలో పసుపు రంగుది బాగా కోసే మొండిరకం. ఇటలీ రూపెస్ వారి దగ్గర అదే పసుపు మెత్తగా మెరుగుపెట్టే రకం. ఒకరి పసుపు అలవాటుతో ఇంకొకరి పసుపు కొన్నామనుకోండి, ముద్దపప్పు అనుకుని ఊరమిరపకాయ కొరికినట్టే. అందుకని రంగు చూడకుండా అట్టమీద రాసినది చదవాలి, ఆపైన బొటనవేలితో నొక్కి చూడాలి. వేలు సులువుగా దిగి నెమ్మదిగా పైకొస్తే మెత్తటిది. దిగనని మొరాయిస్తే గట్టిది. వంకాయలు ఏరుకునే చేతులకి ఇదొక లెక్క కాదు.

కొలత సంగతీ చూసుకోవాలి. మిషను పళ్లెం 5 అంగుళాలైతే ప్యాడ్ ఐదున్నర ఉండాలి. ఆ అరంగుళం అంచు లేకపోతే పళ్లెం గట్టి అంచు కారుకి తగిలి కొత్త గీత పడుతుంది. మందంగా ఉంటే మంచిదనుకున్నారు మావారు, పరుపు బేరంలాగా. మందపాటి ఫోమ్ మిషను ఊపుని తనలోనే తినేస్తుందట. పలచటిదైతే ఆ ఊపు సూటిగా పెయింటుకి చేరుతుంది. మధ్యలో చిల్లి ఉన్నవి వేడిని కొంత వదిలేస్తాయి. చిల్లివే తీసుకున్నాం.

ఇంతకీ అసలు భయం వేరే ఉంది. ఈకాలపు కార్లకి రంగు మీద క్లియర్ కోటని ఒక పారదర్శకమైన పూత వేస్తారు. మనం అరగదీసేది దాన్నే. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుకే సుమారు 70 మైక్రాన్లుంటుంది! ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగుని కాపాడేది ఆ పూతే. అది మరీ పలచబడితే కొన్నాళ్లకి తెల్లగా పాలిపోయి, పొక్కులు లేచి, పొరలుపొరలుగా ఊడుతుంది. అప్పుడు ఏ ప్యాడూ పనికిరాదు, పెయింటు వేయించాల్సిందే.

దుకాణదారు దగ్గర మీటరు అడిగి తెచ్చి కారంతా కొలిచాం. తలుపుల మీద 110, 120 మైక్రాన్లు. ఇది అడుగు నుంచి మొత్తం పూతలన్నిటి లెక్క. క్లియర్ కోటుని విడిగా చెప్పదా మీటరు. బానెట్ మధ్యలో 105. బానెట్ కుడిమూల పెడితే 78! రెండోసారి పెట్టినా 78 అనే అంది.

కారణం వెంటనే తట్టింది. రెండేళ్ల కిందట ఒక దుకాణంలో (పేరెందుకు లెండి) గంటలో అద్దంలా చేసిస్తామని, ఉన్ని ప్యాడ్ తగిలించిన మిషనుతో గిరగిరా తిప్పేశారు. ఆ రోజు అందరం భలే మెరుస్తోందని మెచ్చుకున్నాం. మెరుపు ఎక్కణ్ణించి తెచ్చారో మీటరు ఇప్పుడు చెప్పింది.

"కుడిమూల ముట్టుకోవద్దండీ" అన్నాను.

"మిగతా బానెట్ మెరిసి ఆ మూల మసగ్గా ఉంటే ఏం బావుంటుంది?" అన్నారు ఆయన. రెండురోజులు ఇదే వాదన. భోజనాల దగ్గర కూడా మైక్రాన్లే.

ముందు వెనక డిక్కీ మీద రెండడుగుల చదరంలో పరీక్ష చేద్దామన్నాను. అన్నిటికంటే మెత్తటి నల్లప్యాడ్‌తో మొదలెట్టాం. శనగగింజంత ముద్దలు నాలుగు పెట్టి, నిదానంగా, ఒక వరసమీదికి సగం వరస వచ్చేలా, ముంగిలి అలికినట్టు అడ్డంగా ఒకసారీ నిలువుగా ఒకసారీ. తుడిచి టార్చి వేసి చూస్తే కాస్త తేట వచ్చింది గానీ గూడు అలాగే ఉంది. తరవాత తెల్లప్యాడ్. చాలావరకు పోయింది. వేలిగోటికి తగిలే రెండు లోతుగీతలు మాత్రం మిగిలాయి. మావారి చెయ్యి నారింజ ప్యాడ్ మీదికి వెళ్లింది. గోటికి తగిలే గీత పోయేదాకా అరగదీస్తే పూతే పోతుందని పట్టుబట్టాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన టార్చి ఇంకోసారి వేసి చూసుకుని, నారింజది మళ్లీ కవర్లో పెట్టేశారు.

తెల్లదే నాకు నచ్చడానికి ఇంకో కారణముంది. క్లియర్ కోటు దాటి కింది రంగుని తాకామా, ప్యాడ్‌కి నీలం అంటుతుంది. తెల్లదాని మీదైతే ఇట్టే తెలిసిపోతుంది. ప్రతి రెండు నిమిషాలకీ మిషను ఆపించి ప్యాడ్ తిరగేసి చూశాను. బియ్యంలో రాళ్లేరే చూపు అది. అంచులన్నిటికీ టేపు అంటించాం. ప్యాడ్ వీపున పెన్నుతో ఒక గీత గీశాను. ఆయన మరీ ఒత్తినప్పుడు ఆ గీత తిరగడం ఆగిపోయేది. "ఒత్తుతున్నారు" అనేదాన్ని. "నీకెలా తెలుసు?" అనేవారు.

ఒక్క ప్యాడ్‌తో కారంతా అవుతుందనుకోకండి. పాలిష్ ముద్దా, అరిగిన పూతా కలిసి అట్టకట్టేస్తాయి. ప్రతి భాగానికీ బ్రష్‌తో దులుపుకోవాలి, ఒకటి రెండు భాగాలయ్యాక ప్యాడే మార్చాలి. అలా మాకు తెల్లవి ఆరు పట్టాయి. అవి ఉతికే పని ఎవరికొచ్చిందో చెప్పనక్కర్లేదు కదా! గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తగా అదమడం. పిండితే చిరిగిపోతాయి. పనిచేసే ముఖం కిందికి పెట్టి నీడన ఆరబెట్టాలి. బాల్కనీలో చాటలో పరిచి ఉంటే పక్కింటి కోడలు చూసి "పిన్నిగారూ, ఎండాకాలం కదాని ఇడ్లీలు కూడా ఆరబెడుతున్నారా?" అంది.

కారు పొడిగుడ్డతో దులిపించడం మానిపించాను. ఇప్పుడు రెండు బకెట్లు, ఒకదాన్లో సబ్బునీళ్లు, ఇంకోదాన్లో గుడ్డ జాడించుకునే మంచినీళ్లు. కుడిమూలని మాత్రం మిషను తాకలేదు. చేత్తోనే ఇంత మైనం రాశాం. సాయంత్రం అయిదింటి ఎండలో సాలెగూడు అక్కడ యథాప్రకారం కనిపిస్తూనే ఉంటుంది. ఎవరైనా కారు చూడ్డానికొస్తే మావారు వాళ్లని ఎడమవైపు నుంచి తీసుకొస్తున్నారు.