రాత్రి తెరవని కిటికీ

ఇల్లు చల్లగా ఉండాలంటే ఏం చెయ్యాలో రాయలసీమలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. పగలు వడగాలి లోపలికి రాకుండా తలుపులు మూసుకోవాలి. పొద్దుగుంకాక అన్నీ తెరిచి రాత్రి గాలిని రానివ్వాలి. రాత్రంతా చల్లబడిన గోడలు మర్నాటి ఎండని కొన్ని గంటలు ఆపుతాయి. భవనాల్లో విద్యుత్తు పొదుపు గురించి రాసే నిపుణులు వేడి, పొడి ప్రాంతాలకు చెప్పే మాట కూడా ఇదే. పైసా ఖర్చులేని ఈ ఉపాయంలో మొదటి సగాన్ని మన ఆడవాళ్ళు తు.చ. తప్పకుండా పాటిస్తారు. రెండో సగాన్ని మాత్రం పాటించలేరు. ఎందుకన్నదే నా ప్రశ్న.

మాది నల్లచెరువు. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉన్న కదిరి ప్రాంతం, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. సముద్రానికి దూరంగా ఉన్న మెట్టనేల కాబట్టి కోస్తాలోలా రాత్రంతా ఉక్క ఉండదు. పొద్దుపోయాక బయట గాలి చల్లబడుతుంది. అదే సమయానికి ఇంట్లో స్లాబు మాత్రం పగలంతా తాగిన ఎండని నెమ్మదిగా మన మీదికి దించుతూ ఉంటుంది. ఈ రెండింటి మధ్యా ఉన్నది ఒక కిటికీ రెక్క మాత్రమే.

మా అవ్వ కాపురం చేసింది మట్టి మిద్దెలో. మందపాటి గోడలు, దూలాలూ దంతెలూ పరిచి పైన మట్టీ చౌడూ వేసిన కప్పు. కప్పులో గవాచి. పుస్తకాల్లో గవాక్షం అంటారు. వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది, పైన దారి ఉంటే బయటికి వెళ్ళిపోతుంది, దాని చోటులోకి కింద నుంచి చల్లగాలి వస్తుంది. ఇంజనీరింగ్ చదవని మేస్త్రీలు ఈ సూత్రాన్ని కప్పులో ఒక కంతగా పెట్టారు. వీధిలో వాళ్ళకి కనబడకుండా గాలీ వెలుతురూ ఇచ్చిన కంత అది.

అలాగని ఆ ఇంటిని తలుచుకుని మురిసిపోలేను. మిద్దె ఉరవకుండా ఏటా వానలకు ముందు చౌడు తట్టలు మోసింది మా అవ్వలాంటి ఆడవాళ్ళే. గోడలు మెత్తింది, నేల అలికింది వాళ్ళే. గవాచిలోంచి పోగా మిగిలిన కట్టెల పొగ పోయింది వాళ్ళ ఊపిరితిత్తుల్లోకే. పాత ఇంటి చలవదనాన్ని 'సంప్రదాయ విజ్ఞానం' అని మెచ్చుకునే వ్యాసాల్లో ఈ చాకిరీ ఎక్కడా లెక్కకు రాదు.

స్లాబు ఇల్లు వచ్చాక ఆ చాకిరీ తగ్గింది, గవాచీ పోయింది. ఎండాకాలం రాత్రి మగవాళ్ళు చాప చంకన పెట్టుకుని మిద్దెక్కుతారు. లేదంటే అరుగు మీద మంచం వేసుకుంటారు. స్లాబు కింద మిగిలేది ఆడవాళ్ళూ, పసిపిల్లలూ. ఎనిమిది కాకముందే వీధి కిటికీలకి గడియలు పడతాయి. ఒకసారి నేను తెరవబోతే అమ్మ అంది: "గాలి వచ్చే దావలోనే దొంగా వస్తాడు పాపా, చూపులూ వస్తాయి." దోమలు, పాములు ఆ తర్వాతి సంగతి. నాయన పోయాక ఒంటరిగా ఉంటున్న మనిషి ఆమె. కిటికీలు బార్లా తెరుచుకుని పడుకున్న ఆడదాని గురించి మర్నాడు కొళాయి దగ్గర ఏమనుకుంటారో ఆమెకి తెలుసు. ఆ భయాన్ని మూఢత్వం అని కొట్టిపారెయ్యడానికి నాకు నోరు రాదు. వీధికి మూరెడు ఎత్తులో, చెయ్యి చాపితే అందే కిటికీ అది.

మూసిన గదిలో ఫ్యాన్ గాలిని చల్లబరచదు. ఉన్న గాలినే తిప్పుతుంది. ఒంటి మీద చెమట ఆరినంతసేపు హాయి, అంతే. అందుకే స్తోమత ఉన్న ఇళ్ళల్లో ఏసీ వస్తోంది. పాత ఫ్యాన్‌కి సుమారు 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 30 వాట్ల చిల్లర చాలు. టన్నున్నర ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 1500 వాట్లు లాగుతుంది. మా ప్రాంతంలోనే నంబులపూలకుంటలో పెద్ద సోలార్ పార్కు ఉంది. 2016లో అక్కడ ఎన్టీపీసీ 250 మెగావాట్లతో ఉత్పత్తి మొదలుపెట్టింది. కానీ సూర్యుడి కరెంటు పగటిది. ఆడవాళ్ళు గడియ వేసుకుని ఉడికిపోయేది రాత్రి. ఆ వేళకి పలకలు పనిచెయ్యవు, పనిచెయ్యగలిగిన చల్లగాలి గడియ బయటే ఆగిపోతుంది.

2018లో కేంద్రం నివాస భవనాల కోసం ఎకో నివాస్ సంహిత తెచ్చింది. ఇంటి నేల వైశాల్యంలో ఎంత భాగం తెరుచుకునే కిటికీలు ఉండాలో అందులో చెప్పారు. వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 శాతం, ఉక్కపోత ప్రాంతాల్లో 16.66 శాతం. మంచి లెక్కే. అయితే అది వచ్చినప్పుడు 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్ళకే ఉద్దేశించింది. 2020లో మన రాష్ట్రంలో పేదలకు పల్లెల్లో ఇచ్చిన స్థలం సెంటున్నర, ఇల్లు 340 చదరపు అడుగులు. పది శాతం చొప్పున చూస్తే 34 చదరపు అడుగులు, అంటే మూడడుగులు బై నాలుగడుగుల కిటికీలు మూడు. సెంటున్నరలో ఆ మూడూ ఎవరి వాకిట్లోకి తెరుచుకుంటాయి? 'తెరుచుకునే' కిటికీ అంటే బందులున్న కిటికీ అనే సంహిత అర్థం. తెరవగలిగిన మనిషి సంగతి దాని పట్టికల్లో లేదు.

వంటిల్లు మరో కథ. ఇంట్లో ఫ్యాన్ లేని గది అదే, ఎందుకంటే గాలికి పొయ్యి మంట ఆరిపోతుంది. అయినా ప్లాన్ గీసేటప్పుడు మంచి గాలి దిక్కు హాలుకి పోతుంది. వంటింటికి వెనకవైపు ఒక చిన్న కంత మిగులుతుంది. విమల 'వంటిల్లు' కవిత తర్వాత మనం వంటింటిని రాజకీయంగా చదవడం నేర్చుకున్నాం. దాని వెంటిలేటర్‌ని కూడా అలాగే చదవాల్సి ఉంది.

వర్జీనియా ఉల్ఫ్ 1929లో 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో స్త్రీ రాయాలంటే ఏడాదికి 500 పౌండ్లూ, తాళం వేసుకోగల గదీ కావాలంది. సాహిత్య పరిశోధకులం ఆ మాటని ఎన్నిసార్లు ఉదహరించామో! మే నెలలో, స్లాబు కింద, తాళం వేసుకున్న గదిలో ఒక్క పేజీ రాసి చూడండి. మనకి గడియ ఒక్కటే చాలదు. గడియ తీసి ఉంచినా భయం లేని రాత్రి కూడా కావాలి.

అంతదాకా చెయ్యగలిగినవి లేకపోలేదు. కేరళలో లారీ బేకర్ ఇటుకల మధ్య సందులు వదిలి కట్టిన జాలీ గోడలు గాలినిస్తాయి, చాటునిస్తాయి, ఖర్చూ తగ్గిస్తాయి. కానీ జాలీకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1799లో జైపూర్‌లో కట్టిన హవామహల్ గవాక్షాలు రాణివాసం స్త్రీలు వీధిని చూడటానికి, వీధి వాళ్ళని చూడకుండా ఉండటానికి. గాలి కావాలంటే కనబడకుండా ఉండు అన్న షరతు అక్కడా ఉంది. ఆ షరతుని ఒప్పుకోకుండానే గాలిని తీసుకోవాలి మనం.

పోయినేడు ఇంటికి మేస్త్రీని పిలిచాం. అమ్మే దగ్గరుండి చూపించింది. ఎదురెదురు గోడల్లో, కప్పు దగ్గర, చెయ్యందని ఎత్తులో రెండు వెంటిలేటర్లు. ఇనుప చువ్వలు, వెనక దోమల జాలీ. వంటింట్లో మూడోది. అవి రాత్రంతా తెరిచే ఉంటాయి. తెల్లవారుజామున ఆమె ఫ్యాన్ తగ్గించుకుంటోంది. వీధి కిటికీ మాత్రం ఎనిమిదికే మూసేస్తుంది. దాన్ని తెరిపించడం ఒక్క మేస్త్రీ వల్ల అయ్యే పని కాదు. వీధి దీపాలు వేయించాల్సినవాళ్ళూ, ఆ వీధిలో నడిచే మగవాళ్ళూ, కొళాయి దగ్గర మాట్లాడుకునే మనమూ కూడా పూనుకోవాలి. కరెంటు పొదుపు లెక్కలు వేసేవాళ్ళు ఆ పని కూడా తమదేనని ఒప్పుకోవాలి.