మంచము మీదినుండి చూచిన చిత్రములు

గత మాసమున మాకు కాలు బెణికి, మూడు వారములు మంచము దిగరాదని వైద్యులు కట్టడి చేసిరి. వంటయింటి పెత్తనము మావారి చేతికి పోయినది. (ఆ కథకు ఈ సంచిక చాలదు.) మా చిన్నవాడు జాలిపడి పాత చిత్రములను ఒక్కొక్కటిగా టెలివిజనులో పెట్టి పోవుచుండెను. ఎనుబదినాలుగేండ్ల మా అత్తగారు ఆకువక్కల పెట్టెతో ప్రక్కన చేరిరి. ఇందలి తీర్పులు సగము ఆమెవే.

మొదట 1957 నాటి మాయాబజారు. ఘటోత్కచుని భోజనమును లోకమంతయు పొగడును గాని, ఆ గారెలు బూరెలు వండినదెవరో, ఆ గంగాళములు తోమినదెవరో ఎవ్వరును అడుగరు. ఈ మారు మా చూపు రేవతీదేవిమీదనే నిలిచినది. పాండవులకు రాజ్యమున్నన్నాళ్లు అభిమన్యుడు కాబోయే అల్లుడు. జూదమున అది పోగానే మాట మారినది. ఛాయాదేవి మూతి విరుపు చూచి, "ఈవిడ మన వీధిలోనే ఉంటుందే అమ్మాయీ!" అనిరి అత్తగారు.

1955 నాటి మిస్సమ్మలో ఉద్యోగము కొఱకు పెండ్లికాని యిద్దఱు ఆలుమగలుగా నటింతురు. నిజముగా పెండ్లియై, చుట్టములయెదుట అన్యోన్యముగా నున్నట్లు నటించుట అంతకంటె కష్టమని ఎఱిగిన సోదరీమణులు లేకపోరు. సావిత్రి కోపము చూడముచ్చటగా నున్నది. మా కోపమును మాత్రము ఇంట నెవరును అట్లు మెచ్చుకొనరు.

1962 నాటి గుండమ్మకథలో రామారావుగారు రుబ్బురోటి దగ్గర కూర్చుండి పాట యందుకొనిరి. "పాట బాగానే ఉంది. పిండి నలిగిందో లేదో చూపించరేం?" అనిరి అత్తగారు.

చివర చూచినది 1939 నాటి వరవిక్రయము. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకమే చిత్రమైనది; భానుమతిగారికి అది మొదటి చిత్రము. కట్నము కొఱకు తండ్రి పడు పాట్లు చూడలేక కాళింది నూతిలో దుముకును. చెల్లెలు కమల ఆ పెండ్లికొడుకునే చేసికొని, అమ్ముడైన సరకు కొన్నవారి యింటనే యుండవలెనని పట్టుపట్టి, మామగారిని మూడు చెఱువుల నీళ్లు త్రాగించును. కమల పని పట్టుచుండగా మేము చప్పట్లు కొట్టితిమి. అత్తగారు కొట్టలేదు.

"మన పెద్దవాడు ఎంతకు పలికాడే అమ్మాయీ?" అనిరి.

మా పెద్దవానికి సంబంధము కుదిరి నెలయైనది. మేమేమియు అడుగలేదని పదిమందితో చెప్పుకొనుచునే యుంటిమి. నిజమే, అడుగలేదు. పిల్ల తండ్రి తానే వ్రాసి పంపిన కాగితము మా తలదిండు క్రింద నున్నది: బంగారము, నగదు, ఒక కారు. వద్దనియు అనలేదు. ఆ చిత్రము వచ్చిన 22 ఏండ్లకు, 1961లో, వరకట్న నిషేధ చట్టము వచ్చినది. అడుగకుండ వచ్చినది కట్నము కాదని మాకు మేమే తీర్పు చెప్పుకొంటిమి.

అత్తగారు ఆకు మడుచుచు అనిరి: "మా నాన్న నా పెళ్లికి రెండెకరాలు అమ్మాడు. మీ మామగారు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఆ గట్టున నడవలేక చెరువు చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని."

నలుబదేండ్ల కాపురములో ఈ మాట మేము వినుట అదే మొదలు. గుండమ్మను, రేవతిని చూచి నవ్విన నోరు మాకు పెగలలేదు.

మఱునాడు మావారితో చెప్పి, పిల్ల తండ్రికి మేమే ఫోను చేసితిమి. ఆ కాగితము సంగతి మాటాడవలెనని అనగానే ఆయన కంగారుపడి, "కారు రంగు నచ్చలేదా చెల్లెమ్మగారూ? మార్పిద్దామండీ" అనిరి. ఏదియు వలదని తెలియజెప్పుటకు అరగంట పట్టినది. అప్పటికిని ఆయన నమ్మినట్లు లేదు. ఇంకేదో పెద్దది అడుగబోవుచున్నామని భయపడినట్లున్నారు. ఆదివారమునాడు కాగితము చేతబట్టుకొని మేమే పోవలెను. అత్తగారును వత్తుననుచున్నారు.