కూకటుపల్లిలోని పచ్చికబాట

గడచిన మాఘమాసమున ఒంగోలునుండి హైదరాబాదునకు పోయి వచ్చితిని. చూడదగిన వింతలెన్నియో గల యా మహానగరమున నేను చూచినది చార్మినారు గాదు, గోలకొండ గాదు. కూకటుపల్లిలో 12 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల యొక పచ్చికబాట. సోదరీమణులు నవ్వకుందురు గాక! ఆ బాటక్రింద నా చంద్రహార మున్నది.

నా తమ్ముడు అచ్చట నొక జిమ్ము తెరచెను. పెట్టుబడి చాలక నన్నడుగగా, మావారితో నాలోచించి, నగను బ్యాంకున కుదువబెట్టి సొమ్ము పంపితిని. అందు కొంత స్లెడ్డు నెట్టు బాటకై వ్యయమయ్యెను. స్లెడ్డనగా చక్రములు లేని యినుపబండి. దానిపై బరువుబిళ్లలు పేర్చి, నడుము వంచి ముందునకు నెట్టుదురు. లేదా పట్టీ కట్టుకొని లాగుదురు. సంక్రాంతి దినములలో మా ప్రాంతమున ఎద్దులచే బండ లాగించు పందెములు చూచినవారికి దీని తీరు వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చటను బండ బరువొక్కటే చాలదు; నేల యెట్టిదో చూడవలయును. ఈ సంగతి మరచుటచేతనే నా తమ్ముడు నష్టపోయెను.

మొదట వేసినది మేడలపై, బాల్కనీలలో పరచు రకము. దాని పోచ 35 మిల్లీమీటర్లు. శాద్వలమనగా లేతపచ్చికతో నొప్పు నేల యని చిన్ననాడు అమరము వల్లించుచు నేర్చితిని. ఆ పచ్చిక చూచిన నా మాటయే తలపునకు వచ్చును. కాని రెండు నెలలు గడువకమునుపే పోచలు నేలకొరిగెను. అడ్డముగ వేసిన యతుకులు లేచెను. స్లెడ్డు జారుటకు మారుగ కూరుకొనసాగెను. మరల కొనుటకు మిగిలిన సొమ్ము ఒక్కసారికే చాలును. అందుచే తమ్ముడు టెలిఫోనులో, “అక్కా, ఈసారి నువ్వు దగ్గరుండి చూడు. చీర కొనేటప్పుడు నీ కన్ను మోసపోదుగదా” అనెను.

దుకాణమున నేను చేసినదియు చీర కొనునపుడు చేయు పనియే. ముందు వెనుకకు త్రిప్పి చూచితిని. పోచ వ్రేళ్లతో లాగిన ఊడివచ్చునది పనికిరాదు. పోచలు ఒత్తుగ, పొట్టిగ నుండవలయును. ఎత్తు 10 మొదలు 15 మిల్లీమీటర్లు చాలును. పోగులలో పాలీప్రొపిలీను చవుక, కాని త్వరగ నలిగి లేవదు. పాలీయెథిలీను మెత్తన. నైలాను ఒరపిడికి మిక్కిలి యోర్చును, వెల యధికము. ఆటస్థలములలోవలె పోచలనడుమ ఇసుకయు, రబ్బరుపొడియు చల్లు రకము ఇంటిలోపల తగదు. స్లెడ్డు దానిని చిమ్మివేయును. అడుగున పలుచని, గట్టి మెత్త యుండవచ్చును గాని, పరుపువలె దళసరియైనచో బండి ముందు బట్ట ముడుతలు పడును.

ఇట్టి పచ్చిక పుట్టుకయు చిత్రమైనదే. అమెరికాలోని హ్యూస్టను నగరమున 1965లో పైకప్పుగల గొప్ప క్రీడామందిర మొకటి తెరచిరి. కప్పునందలి పారదర్శక ఫలకములగుండ వచ్చు మెరుపు ఆటగాండ్ర కండ్లకు కొట్టగా, వానికి రంగు పూసిరి. ఎండ తగ్గి లోని నిజమైన పచ్చిక చచ్చెను. 1966లో దానికి మారుగ నైలాను పచ్చిక పరచిరి. ఆ మందిరమునుబట్టియే దానికి ఆస్ట్రోటర్ఫను పేరు నిలిచెను.

మేము రెండు తునకలు తెచ్చి, జిమ్ములో నేలకంటించి, వానిపై స్లెడ్డు లాగి చూచితిమి. ఒకే బరువు ఒకదానిపై తేలికగ, వేరొకదానిపై భారముగ నుండెను. కావున ఎంత బరువు నెట్టితిమని లెక్క వ్రాసికొనువారు ఏ నేలపై నెట్టిరో కూడ వ్రాసికొనవలెను. తుదకు పొట్టిపోచ నైలానునే కొంటిమి. 2 మీటర్ల వెడల్పుగల చుట్ట యొక్కటియే సరిపోయినందున అతుకు లేదు. క్రింద అంతట జిగురు పూసి యతికించిరి. స్లెడ్డు కాళ్ల యంచులలోని ఇనుపముండ్లను తమ్ముడు ఆకురాయితో నరుగదీసెను. లేనిచో క్రొత్తబట్టయు చినుగును.

మరునాటి మధ్యాహ్నము స్త్రీల వేళ. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కుటకు వెనుదీయు నొక పెద్దామె బిళ్లలు లేని బండిని మెల్లగ నెట్టుకొనిపోయెను. బరువు నెత్తి దించునపుడు కండరము సాగుచు భారము మోయును; మరునాటి నొప్పులకు ముఖ్యకారణ మదియే. ఇందు దించుట లేదు; విడిచిన బండి యున్నచోట నిలుచును. “వదినా, మీరూ రండి” యని మరదలు పిలిచెను. సిగ్గుపడుచునే కొంగు దోపుకొని చేతులాన్చితిని. మొదట కదలలేదు. పిమ్మట సరసరమని శబ్దము చేయుచు సాగిపోయెను. పండ్రెండు మీటర్లును పోయి, ఆయాసముతో గోడ నానుకొని నవ్వితిని. ఇంటిలో బియ్యపుబస్తా జరుపునపుడు ఎవరును నన్ను మెచ్చుకొనలేదు. అచ్చట నలుగురు చప్పట్లు కొట్టిరి.

మీ వారెవరైన ఇట్టి శాల తెరువదలచిన, రంగు చూచి మోసపోవలదనుడు. తమ స్లెడ్డుతో తునకపై లాగి చూచిన పిమ్మటనే సొమ్మీయుమనుడు. చంద్రహార మింకను బ్యాంకుననే యున్నది. మొన్న తమ్ముడు మొదటి వాయిదా సొమ్ము పంపెను. అతుకు లేచినదా యని నేనడుగలేదు. వాడే, “బాట గట్టిగా ఉందక్కా” యని చెప్పెను.